ఫోను మీటకు మూలలు ఎట్లుండవలయును?

మార్కాపురము పేరు చెప్పగానే పలక జ్ఞాపకమునకు రానివారు పాత తరములో అరుదు. దేశములోని ఎన్నో బడులలో పిల్లలు అక్షరములు దిద్దినది ఇక్కడి గనులలో తీసిన రాతి మీదనే. ఆ పలకను ఒడిలో పెట్టుకొని చదువుకొన్న వారికి ఒక సంగతి తెలిసియుండును. నల్లని రాయి నలుచదరముగనే యుండును. దానికి బిగించిన చెక్క చట్రమునకు మాత్రము మూలలు అరగదీసి గుండ్రము చేసెడివారు. రాయి పెళుసు. క్రింద పడినపుడు మొదట పగులునది మొనదేలిన మూలయే. ప్రక్కన కూర్చున్న వాని మోచేతికి గ్రుచ్చుకొనునదియు అదియే. కాని చట్రము వలన ఇంకొక మేలు కూడ కలదు. ఎక్కడ వ్రాయవలయునో, ఎక్కడ పట్టుకొనవలయునో ఎవరును చెప్పకుండగనే బిడ్డకు తెలిసిపోవును. చట్రము మీద బలపము పెట్టి అక్షరము దిద్దబోయిన పిల్లవానిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు రైతు చేతికి వేరొక పలక వచ్చినది. వాన కబురు చెప్పు మేఘదూత్ యాప్ 2019లో వచ్చినది. అది తెలుగులోను పలుకును. పి.ఎం. కిసాన్ సొమ్మునకు కావలసిన ఈ-కేవైసీని ముఖము చూపి పూర్తిచేసికొను వీలు 2023లో ఫోనులోనికే వచ్చినది. విత్తనములు, ఎరువులు, యంత్రముల అద్దె, మిరప ధర, అన్నియు ఆ చిన్న తెర మీదనే. ఈ తెర మీద పని జరుగునది మీటలు నొక్కుట వలన. మీట అనినను, బటను అనినను ఒకటియే. చొక్కా గుండీకిని దీనికిని పేరు కలిసినది గాని పని కలియలేదు. ఆ మీట మూలలు గుండ్రముగా నుండవలెనా, పదునుగా నుండవలెనా అను సంగతి పట్టణములలో యాప్‌లు తయారుచేయు యువకులు మాట్లాడుకొనవలసినదే గాని మనకెందుకని కొందరు సోదరులు అనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని, పోయిన కంది పంట కాలము వరకు.

తర్లుపాడు వైపు నాకు తెలిసిన రైతు ఒకరు నాలుగెకరముల కంది కోసి కుప్ప వేసినారు. నూర్పిడి యంత్రము అద్దెకు పిలిపించుటకు ఒక యాప్‌ను తెరచినారు. దాని పేరు ఇక్కడ అనవసరము. ఊరు, పంట, ఎకరములు, తేదీ అన్నియు ఓపికగా నింపినారు. ఆయన చదువురాని వారు కారు. రోజూ దినపత్రిక మొదటి పుట నుండి కడపటి పుట వరకు చదువుదురు. అన్నిటికి క్రింద లేత నీలి రంగులో, చుట్టు గీత గాని వెనుక రంగు గాని లేకుండ, "నిర్ధారించండి" అను మాట ఒక్కటి యున్నది. దాని క్రిందనే గుండ్రని మూలలతో, పచ్చని రంగుతో, అంగుళము ఎత్తున ఒక ఎరువు ప్రకటన. ఆయన ప్రకటనను నొక్కినారు. ఏదో పుట తెరచుకొన్నది, వెనుకకు వచ్చినారు, పని అయినదనుకొని ఫోను జేబులో వేసికొన్నారు. మూడు దినములు యంత్రము కొరకు ఎదురు చూచినారు. నాలుగవ నాటి సాయంకాలము అకాలపు వాన కుప్ప మీద కురిసినది. గింజ రంగు మారినది. అంగడిలో ఆ గింజకు ఏమి ధర పలుకునో కంది పండించు వారికి నేను చెప్పనక్కరలేదు.

"నొక్కాలని చూసి కూడా నొక్కకపోతిరే?" అని అడిగితిని.

"అది నొక్కేదని నాకేం తెలుసు సారూ! రాసిన మాట అనుకున్నా. నొక్కేదంటే కింద ఎత్తుగా, గుండ్రంగా ఉన్నదే అనుకున్నా" అనినారు.

ఆ రెండు వాక్యములలో సంగతి అంతయు ఉన్నది. మనిషి కన్ను అంచును వెదకును. అంచు గలది వస్తువు, అంచు లేనిది మాట. వస్తువును తాకుదుము, మాటను చదివి ఊరకుందుము. ఇంతకు పూర్వము మన చేతులకు అలవాటైన మీటలన్నియు, అనగా రేడియో మీట, మోటారు స్టార్టరు మీట, లెక్కల యంత్రపు మీట, గోడ మీది స్విచ్చి, అన్నియు ఎత్తుగా నుండి, వేలు ఒరుసుకొనకుండ మూలలు మొద్దుబారి యుండెడివి. తెర మీది మీట ఎత్తుగా లేదు. అది వట్టి బొమ్మ. ఎత్తు చూపలేని చోట అంచును, ఆ మూలల వంపును చూపియే అది తాను మీటనని చెప్పుకొనవలయును. ఇంకొక ఉపాయము దానికి లేదు.

ఈ వంపుకు ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1981లో అమెరికాలోని ఆపిల్ కంపెనీలో బిల్ ఆట్కిన్సన్ అను ఆయన తెర మీద వృత్తములను, చదరములను వేగముగా గీయు పద్ధతి కనిపెట్టి చూపగా, స్టీవ్ జాబ్స్ మూలలు గుండ్రమైన చదరములు గీయగలవా అని అడిగినాడట. అవసరమేమని ఆయన అనగా, జాబ్స్ ఆ గదిలోనే అట్టి ఆకారములు చూపి, తరువాత వీధిలోనికి తీసికొనిపోయి, వాహనములు నిలుపరాదను బోర్డు వరకు ఒక్కొక్కటి లెక్క పెట్టించినాడని వారి సహోద్యోగి ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ వ్రాసి యుంచినారు. మరునాటికే ఆట్కిన్సన్ ఆ గీతను సాధించినాడు. 2025లో ఆయన మరణించినాడు. ఆయన గీసిన వంపు మాత్రము మన అందరి జేబులలో ఉన్నది.

అయితే మంచిదని తెలిసినదానిని నిలుపుకొనుట నాగరకులకు అలవాటు లేదు. 2012లో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 8లో అన్నిటికి పదును మూలలు పెట్టినారు. 2021లో విండోస్ 11 వచ్చునప్పటికి మరల గుండ్రము చేసినారు. 2013లో ఆపిల్ వారు ఐఫోనులో పెక్కు మీటలకు అంచులు తీసివేసి వట్టి మాటలను మిగిల్చినారు. జనము ఇబ్బంది పడగా, 2014లో, "బటన్ ఆకారములు" చూపుమని కోరుకొను సదుపాయము సెట్టింగులలో చేర్చవలసి వచ్చినది. ఆంగ్లము వచ్చినవారికి, నవనాగరకులకు కలిగిన ఇబ్బందియే తర్లుపాడు రైతుకును కలిగినది. భేద మేమనగా వారి కంది తడియలేదు.

ఇంతవరకు చెప్పినది విని, అన్నిటికిని మూలలు గుండ్రము చేసిన చాలునని యాప్ తయారుచేయు వారు అనుకొందురేమో! ఇప్పుడు జరుగుచున్నదియు అదియే. నా అసలు తగవు దానితోనే. మీట గుండ్రమే, ధరల పట్టిక చుట్టు గీసిన పెట్టె గుండ్రమే, పురుగు బొమ్మ గుండ్రమే, వాన సమాచారము గుండ్రమే, ప్రకటన సరే సరి. ఊరిలోని ఇండ్లన్నిటికి పచ్చరంగు వేసి, పచ్చ రంగు ఇల్లు రైతు సేవా కేంద్రమని చెప్పినట్లున్నది. గుండ్రని మూలను నొక్కవలసినదానికే ప్రత్యేకించి యుంచవలయును. చదివి ఊరకుండవలసిన వానికి నలుచదరపు పెట్టె చాలును, లేదా పెట్టెయే వద్దు. అప్పుడు ఒక్క పుటలో ఉన్న గుండ్రని వస్తువు ఒక్కటియే "ఇక్కడ వేలు పెట్టుము" అని తనంతట తాను పిలుచును. పలక చట్రము చేసిన పని ఇదియే గదా.

ఎంత గుండ్రము? గొర్రు తోలినవారికి ఈ లెక్క సులభముగా బోధపడును. చేని మూలకు పోయి ఎడ్లు తిరుగునపుడు వంపుగానే తిరుగును. మూలన కొంత నేల మిగిలిపోవును. ఎంత వెడల్పు వంపు తిరిగిన అంత నేల పోవును. మీటలోను అంతే. 2021 నుండి గూగుల్ వారి పద్ధతిలో మీట రెండు కొనలును అర్ధవృత్తములై, మాత్ర గొట్టమువలె నుండుట వాడుకకు వచ్చినది. ఆంగ్లములో రెండక్షరముల "ఓకే"కు అది చక్కగానే యుండును. తెలుగు మాటలు పొడవైనవి. "పంట నష్టము నమోదు చేయండి" అను మాటను ఆ గొట్టములో ఇరికించగా రెండు కొనలు చోటు మ్రింగి, "పంట నష్టము నమో" అని మూడు చుక్కలు మిగిలినవి. నష్టమునకు నమస్కారము పెట్టుమనుచున్నారా అని ఒక రైతు నన్నడిగినాడు.

ఎత్తు సంగతి ఇంకను ముఖ్యము. మన అక్షరమునకు పైన గుడి, క్రింద ఒత్తు కలవు. తెలుగును, అరవీని, హిందీని, థాయిని ఎత్తైన లిపులని గూగుల్ వారే తమ మార్గదర్శకములలో వేరుచేసి చెప్పినారు. అయినను ఆంగ్లమునకు సరిపెట్టిన ఎత్తులో తెలుగును పోసి, అంచు దాటిన భాగమును కత్తిరించు వారు ఉన్నారు. ఒత్తు పోయిన అక్షరము తెగులు పట్టిన ఆకు వంటిది కాదు, అది వేరొక మొక్కయే యగును. "అన్ని" అనునది "అని" అగును. ఒక తెర మీద "పత్తి" అను మీట క్రింద అంచు తెగి "పతి" యైనది. ఆ ఇంటి ఇల్లాలు ఏమి ఎంచుకొనవలయునో తెలియక నవ్వి ఫోను క్రింద పెట్టినది. పత్తి నమోదు కాలేదు.

కావున నేను కోరునది మధ్యరకపు వంపు. మీట ఎత్తులో ఆరవ వంతు వ్యాసార్ధముతో మూల తిప్పిన చాలునని నా అభిప్రాయము. గుండ్రమని కంటికి తెలియును, మాటకు చోటును మిగులును. మాట ఒక వరుసలో పట్టనిచో రెండు వరుసలు కానిండు, మూడు చుక్కలు మాత్రము వద్దు. మీట ఎత్తు తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లకు తగ్గరాదని ఆండ్రాయిడ్ నియమములలోనే ఉన్నది. గడ్డపార పట్టి కాయలు కాసిన వేళ్ళకు ఇంకను కొంచెము పెంచిన పాపము రాదు. వెబ్ పేజీ పద్ధతిలో చేసిన మీటలలో ఇంకొక చిక్కు కలదు. మూలను గుండ్రముగా కోసినపుడు, ఆ కోసిన భాగములో వేలు పడిన ఆ నొక్కుడు మీటకు చెందదు. లావు వేలు, పగిలిన తెర, ఎండలో కండ్లు చిట్లించి చూచుట, ఇన్నియు కలిసినపుడు ఆ రవ్వంత మూలయు లెక్కకు వచ్చును. చూచుటకు మూల కోసినను, తాకుటకు మాత్రము కోయకుండ చుట్టును కొంత చోటు మీటకే చెందునట్లు చేయుట వారికి కష్టము గాదు. "రద్దు" మీటను "పంపు" మీటకు ఆనించి ఒకే ఆకారముతో పెట్టుట గూర్చి వేరుగా వ్రాయనక్కరలేదు; మందు సీసాను, మంచినీళ్ళ సీసాను ఒకే గూటిలో పెట్టరాదని మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలియును.

మాటల సంగతి కూడ ఒకటి అనవలయును. "నిర్ధారించండి", "సమర్పించండి" అను మాటలు నిఘంటువులో నిక్షేపముగా నుండవచ్చును. "పంపు" అనినను, "సరే" అనినను అందరికి తెలియును. మూలలు ఎంత గుండ్రముగా నున్నను లోపలి మాట గ్రుచ్చుకొన్నచో ఏమి లాభము?

దీనిపై నా మిత్రులొకరు, వ్యవసాయ శాఖలోనే పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు, నన్ను ఎకసక్కెమాడినారు. రైతుకు ఫోను నేర్పవలయును గాని, ఫోనుకు రైతును నేర్పుదురా అనినారు. నేర్పవలసినదే, కాదనను. కాని ఒక్కొక్క యాప్‌లో ఒక్కొక్క తీరు మీట ఉన్నపుడు ఎన్ని సారులు నేర్పవలయును? ఇంకొక ఆక్షేపణ గట్టిది. మూల గుండ్రమైనంత మాత్రాన మీట కాదు. చుట్టు గీత గీసి, ముదురు రంగు వేసిన చదరపు మీట, అంచులేని గుండ్రని మీటకంటె మేలని. ఇది నిజమే. రెండింటిలో ఒకదానినే ఇత్తుమనిన నేను అంచునే తీసికొందును. కాని రెండును ఇచ్చుటకు యాప్ వ్రాయువారికి పట్టునది ఒక పూట పని.

ఈ పూట పని ఎందుకు చేయవలయుననిన, మన సేద్యములో గడువులు ఇప్పుడు ఫోనులోనికి చేరినవి. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో వడగండ్లు, నీటి ముంపు వంటి స్థానిక వైపరీత్యమున నష్టము కలిగిన 72 గంటలలో తెలియజేయవలయునను నియమము ఉన్నది. తెలియజేయు మార్గములలో ఫోను ఒకటి. ఈ-పంట నమోదు సిబ్బంది చేయుదురు గాని, రైతు తన ఈ-కేవైసీ పూర్తి చేయనిచో అది సగములో నిలుచును. మద్దతు ధర కొనుగోలుకు, పరిహారమునకు ఆ నమోదే ఆధారము. 72 గంటలలో సగము మీట వెదకుటకే పోయిన ఎట్లు? పట్టణపు పిల్లవాడు మీట కనబడని యాప్‌ను తీసివేసి వేరొకటి దింపుకొనును. రైతుకు ఆ పనికి తరచుగా ఒకటియే యాప్, ఒకటియే గడువు.

మొన్న ఒక ఊరి రైతు సేవా కేంద్రమునకు పోయినపుడు ఒక మార్కాపురము పలక చేత పట్టుకొనిపోయి, బలపముతో మూడు బొమ్మలు గీసితిని. మొదటిది వట్టి "పంపు" అను మాట. రెండవది చదరపు గీతలో "పంపు". మూడవది మూలలు గుండ్రముగా తిప్పి, లోపల బలపముతో నింపి, నడుమ వ్రేలితో తుడిచి వ్రాసిన "పంపు". అక్కడ కూర్చున్నవారిని ఏది నొక్కెదరని అడిగితిని. మూడవదాని మీదికే ఎక్కువ వేళ్ళు పోయినవి. ఇద్దరు చదరమును నొక్కినారు. మొదటిదానిని ఎవరును తాకలేదు. ఒకరు మాత్రము దానిని పైకి చదివి తల ఊపినారు. కంది తడిసిన ఆయనయు అక్కడనే ఉన్నారు. పలకను చేతిలోనికి తీసికొని, మూడింటిని మార్చి మార్చి చూచి, ఎవరు నవ్వినను లెక్కచేయక, మూడవదాని మీద బొటనవ్రేలు గట్టిగా ఆనించి నన్నడిగినారు:

"ఇప్పుడు నొక్కినా గదా సారూ, మిషను ఎన్ని గంటలకి వస్తాది?"