ప్రింటర్ల టెండర్లలో చేర్చవలసిన ఒక షరతు

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి గారికి,

ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే మూలసంకేతాన్ని ఎవరైనా చదివి సవరించుకోగల సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యమివ్వాలని తమ శాఖ 2015లోనే విధానం ప్రకటించినా, ఆ కోవకే చెందిన లినక్స్‌కు మారిన చోట పని తరచు ప్రింటరు దగ్గరే ఆగిపోతున్నది.

విరివిగా వాడుకలో ఉన్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020నే తీసుకుంటే, దానిలో ఫర్మ్‌వేర్, అంటే యంత్రాన్ని లోపలినుంచి నడిపించే ప్రోగ్రాము, శాశ్వతంగా నిల్వ ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఆ ఫైలును యూఎస్‌బీ కేబుల్ ద్వారా పంపాలి, పంపకపోతే ప్రింటరు పేరు తెరమీద కనిపిస్తూనే ఉన్నా కాగితం మాత్రం కదలదు. ముద్రణ పనులను వరుసలో నిలిపి యంత్రానికి అందించే కప్స్ వ్యవస్థలో లోపమేమీ లేకపోయినా, ఆ ఫైలుపై హక్కులు తయారీదారువి కావడంతో వాడుకరి హెచ్‌పీ లినక్స్ డ్రైవరైన హెచ్‌పీలిప్‌కు అవసరమైన ప్లగిన్‌ను, అంటే అదనపు భాగాన్ని, విడిగా దింపుకోవలసి వస్తుంది. నెట్ సరిగా అందని మండల కార్యాలయంలో అదెంత తేలికో వేరే చెప్పనక్కరలేదు. ఇక మరో ప్రింటరు కానన్ ఎల్‌బీపీ 2900 తన కంపెనీ సొంత భాషలోనే మాట్లాడుతుంది, పైగా కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవరు ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే పరిమితం.

కనుక కొనే ప్రతి ప్రింటరూ పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ వంటి ప్రసిద్ధ ముద్రణ భాషలలో ఒకదానినిగానీ, ప్రత్యేక డ్రైవరు అవసరం లేని ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణాన్నిగానీ పాటించాలని టెండరులో రాయించాలని, బిల్లు మంజూరుకు ముందు యంత్రాన్ని ఒకసారి ఆపి, తిరిగి వేసి, లినక్స్ నుంచి ఒక తెలుగు పుట ముద్రించి చూడాలని మనవి.

ఇట్లు,
లినక్స్ వినియోగదారుల పక్షాన