రెండు లక్షల ఇంటికి లేదు, నాలుగు లక్షల ఇంటికి ఉంది

ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పేద విద్యార్థికి కేంద్ర విద్యాశాఖ డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000 రూపాయలు ఇస్తుంది. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌గా అందరికీ తెలిసిన పథకమే. ఇప్పుడు దాని పేరు ముందు పీఎం-యూఎస్‌పీ చేరింది. నెలకు లెక్కేస్తే వెయ్యి రూపాయలు. దీని మార్గదర్శకాల్లో ఒక వాక్యం ఉంది. మరే స్కాలర్‌షిప్ పొందుతున్నా, రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఫీజు మినహాయింపు గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందుతున్నా ఈ సొమ్ముకు అర్హత లేదు. పేదింటి పిల్లల చదువు రీయింబర్స్‌మెంట్ మీదే నడుస్తున్న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ వాక్యం ఎవరిని బయటికి నెడుతుందో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని తీసేయాలి.

తీసేయొద్దనేవారు ఎప్పుడూ ఒకటే మాట అంటారు. ఒకే విద్యార్థికి రెండు పథకాలెందుకు, అది డబుల్ బెనిఫిట్ కాదా అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ మాట అనేవాళ్లు కేంద్ర పథకం లక్ష్యాన్ని చదివినట్లు లేదు. ప్రతిభ ఉన్న పేద విద్యార్థుల రోజువారీ ఖర్చుల్లో కొంత భాగం తీర్చడానికే ఈ స్కాలర్‌షిప్ అని కేంద్రమే రాసుకుంది. రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజుకు పోతుంది. ఆ డబ్బుతో మెస్ బిల్లు కట్టలేరు, బస్ పాస్ తీసుకోలేరు, రికార్డు పుస్తకాలు కొనలేరు. ఒకటి ఫీజుకు, ఇంకొకటి తిండికీ తిరుగుడుకూ. రెండూ ఒకటే ఎలా అవుతాయి?

అసలు అన్యాయం ఆదాయ పరిమితుల్లో ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. కేంద్ర స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల వరకు ఉండొచ్చు. రీయింబర్స్‌మెంట్ పరిమితి అంతకన్నా చాలా తక్కువ. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నర లక్షలు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కాలేజీలో ఇద్దరమ్మాయిలు చదువుతున్నారనుకుందాం. ఇద్దరికీ ఇంటర్‌లో ఒకే మార్కులు. ఒకరి తండ్రి తాపీ పని చేసి ఏడాదికి లక్షా నలభై వేలు తెస్తాడు. రెండో అమ్మాయి తండ్రికి ప్రైవేటు ఉద్యోగం, నాలుగు లక్షల జీతం. మొదటి అమ్మాయికి రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి నెలకు వెయ్యి రాదు. రెండో అమ్మాయి ఆదాయం రీయింబర్స్‌మెంట్ పరిమితి దాటింది కాబట్టి ఆమెకు వస్తుంది. రెండో అమ్మాయికి ఇవ్వడం తప్పని నేననడం లేదు. ఆ ఇంట్లోనూ చదువు బరువే. కానీ రెండు లక్షల లోపు ఇంటికి లేనిది నాలుగు లక్షల ఇంటికి ఉండటం పేదల పథకంలో ఎలా కుదురుతుంది?

కావాలంటే రీయింబర్స్‌మెంట్ వదులుకుని కేంద్రం సొమ్ము తీసుకోవచ్చు కదా అనేవారూ ఉన్నారు. ఇంజినీరింగ్‌లో 35,000 వదులుకుని 12,000 ఎవరు తీసుకుంటారు? దాన్ని ఎంపిక అనడం విద్యార్థిని అవమానించడమే.

పైగా ఆ రీయింబర్స్‌మెంట్ చేతికి వచ్చిందా? తెలంగాణలో బకాయిలు వేల కోట్లకు చేరి, 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగేదాకా వెళ్లింది. ప్రభుత్వం డబ్బు విడుదల చేసేదాకా ఆగలేమంటూ విద్యార్థి చేతే ఫీజు కట్టించుకుని, కట్టకపోతే సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల కథలు రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా ఉన్నాయి. రీయింబర్స్‌మెంట్ మంజూరైందే తప్ప డబ్బు పడని విద్యార్థిని కూడా లబ్ధిదారుగానే లెక్కేస్తే ఏమవుతుంది? రాని డబ్బు వచ్చినట్లు లెక్కగట్టి, రావలసిన వెయ్యి ఆపినట్లే.

దేశం మొత్తానికి ఏటా కొత్తగా ఇచ్చేవి 82,000 స్కాలర్‌షిప్పులే, ఒకరికే రెండూ చేరితే మరొకరికి దక్కదన్న వాదనలో కొంత నిజముంది. అయితే ఆ కొరతకు మందు పేదవాణ్ణి పక్కకు తప్పించడం కాదు. అర్హుల్లో ఆదాయం తక్కువ ఉన్నవారికి ముందు ఇవ్వండి. లేదా సంఖ్య పెంచండి.

ఇలాంటి చిక్కు మనకు మాత్రమే వచ్చింది కాదు. అమెరికాలో విద్యార్థి బయట ఎక్కడో స్కాలర్‌షిప్ సంపాదిస్తే, అంతమేర కాలేజీ తన సాయం కోసేయడం చాలాకాలంగా ఉంది. 2017లో మేరీలాండ్ రాష్ట్రం తన ప్రభుత్వ కాలేజీల్లో దీనికి చట్టంతో కళ్లెం వేసింది. అన్ని వైపుల నుంచీ వచ్చిన మొత్తం విద్యార్థి ఆర్థిక అవసరాన్ని దాటితేనే, దాటినంత వరకే కోత పెట్టొచ్చు. లేదా స్కాలర్‌షిప్ ఇచ్చిన సంస్థ ఒప్పుకోవాలి. పేద విద్యార్థుల కోసం 2022లో కాలిఫోర్నియా అదే దారి పట్టింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం పేద విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటును బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని కోయరు, ఇతర గ్రాంట్లతోనే చదువు ఖర్చంతా తీరిపోతే తప్ప. అంటే వాళ్లు చూసేది ఖర్చు తీరిందా లేదా అన్నది. మనవాళ్లు చూసేది పేరు ఇంకో జాబితాలో ఉందా లేదా అన్నది. ఫీజు, హాస్టలు, మెస్, పుస్తకాలు, ప్రయాణం కలిపి ఒక్కో కోర్సుకు ఏడాదికి ఎంతవుతుందో లెక్క తేల్చి, సాయం దాన్ని మించకూడదని ఒక గీత గీస్తే సరిపోయేది. రీయింబర్స్‌మెంట్‌కు నెలకు వెయ్యి కలిపినా ఆ గీత దరిదాపులకు చేరని పిల్లలే మన కాలేజీల నిండా ఉన్నారు.

దీన్ని మార్చడానికి పార్లమెంటులో బిల్లు పెట్టక్కర్లేదు, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. విద్యాశాఖ మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం కొట్టేస్తే చాలు. ఢిల్లీలో రైల్వే జోన్లకూ, విమానాశ్రయాలకూ మెమోరాండాలు ఇచ్చే మన ఎంపీలు ఈ వాక్యం కోసం ఎందుకు పట్టుబట్టరు? రీయింబర్స్‌మెంట్ మా ఘనతేనని చెప్పుకునే రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఆ ఘనత కారణంగానే తమ పిల్లలకు నెలకు వెయ్యి పోతోందని కేంద్రానికి ఎందుకు రాయవు? వచ్చే విద్యా సంవత్సరానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ తెరుచుకునేలోపు ఆ వాక్యం పోవాలి. అప్పటికీ అది అక్కడే ఉంటే, తాపీమేస్త్రీ కూతురి వెయ్యి రూపాయలను కేంద్రం తెలిసీ ఆపుతోందని, మన ప్రజాప్రతినిధులు తెలిసీ ఊరుకుంటున్నారని అనుకోవలసిందే.