బొమ్మల ప్రోగ్రాము మడి మారితే

బొమ్మలు గీసే ప్రోగ్రామును ఒక ఆపరేటింగ్ సిస్టం నుంచి మరోదానికి మార్చడం, నారు పీకి పక్క మడిలో నాటినంత సులువు కాదు. గింప్ సంగతే చూడండి. దాన్ని అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో యూనిక్స్ కోసం మొదలుపెట్టారు.

కంప్యూటరుకి బొమ్మంటే అంకెలే. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో మామూలుగా 0 నుంచి 255 లోపు అంకెలు చెబుతాయి. బొమ్మను మసకబరచాలంటే ఇరుగుపొరుగు చుక్కల సగటు కడితే సరి. ఈ లెక్క ఎక్కడైనా ఒకటే. చిక్కల్లా తెరమీద విండో తెరవడంలో, మౌస్ కదలిక తెలుసుకోవడంలో వస్తుంది. వాటికోసం ప్రోగ్రాము కింది వ్యవస్థను అడగాలి. యూనిక్స్‌ను అడిగే తీరు వేరు, విండోస్‌ను అడిగే తీరు వేరు. గింప్‌లో ఈ అడిగే పనంతా జి.డి.కె. అనే మధ్య పొరది. 1997లో ఫిన్లండ్ వాసి టోర్ లిల్‌క్విస్ట్ గింప్‌ను విండోస్‌కి తెచ్చే పనికి పూనుకుని, ఆ పొరను విండోస్‌కు తగినట్టు రాశారు. సోర్సు కోడు, అంటే ప్రోగ్రాము అసలు రాత, అందరికీ తెరిచి ఉంది కనుకే ఎక్కడో ఉన్న ఆయనకు అది సాధ్యపడింది.

మన బడుల్లో కంప్యూటరు పాఠమంటే తరచు ఏ మెనూలో ఏ బొత్తాం ఉందో వల్లె వేయించడమే. నాకిది నచ్చదు. ఆ బొత్తాం రేపు ఇంకోచోటికి పోతుంది. దాని బదులు గళ్ల కాగితం మీద తొమ్మిదేసి గళ్ల అంకెల సగటు కట్టించండి. మసక ఎలా పుడుతుందో ఎనిమిదో తరగతి పిల్లలకు చక్కగా తెలుస్తుంది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.