చిత్రతురగము గడ్డి మేయునా?

ప్రయోగము అన్న మాటకు కొత్త అర్థమొకటి ప్రచారంలోకి వచ్చింది. తెరపై లోలకపు బొమ్మను వేలితో పక్కకు లాగి వదలడం, కింది గళ్లలో పడిన అంకెలను నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం. దీనికి వర్చువల్ ల్యాబ్ అని పేరు. మా చొప్పదండి వైపు బడులలోనూ ఈ తెరల మోజు పెరిగింది. ఇక ప్రయోగశాల బీరువా తాళం తీయడమెందుకు, పరీక్షనాళిక పగిలితే జవాబు ఎవరు చెప్పుకోవాలి అనేవారు ఎక్కువైనారు. తెలుగు పండితుడు భౌతికశాస్త్రంలో తల దూర్చడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కానీ అనుకరణమంటే ఏమిటి, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది మన అలంకారశాస్త్రం వేయి యేండ్లకు పూర్వమే తర్కించిన విషయం. ఆ మేరకు నాకూ కొంత అధికారం ఉన్నది.

శ్రీశంకుకుడు రసాన్ని వివరిస్తూ చిత్రతురగ న్యాయం చెప్పినాడు. గోడమీది గుర్రపు బొమ్మను చూసి ఇది గుర్రం అంటాము. ఆ జ్ఞానం సత్యమూ కాదు, భ్రమా కాదు, సంశయమూ కాదు, సాదృశ్యమూ కాదు, వేరొక జాతిది. నటునిలో రాముని చూడడం అటువంటిదే అన్నాడు. అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు దీనిని ఖండించినాడు, ఆ చర్చ ఇక్కడ అక్కరలేదు. బొమ్మగుర్రాన్ని చూసి ఆనందించవచ్చు. గుర్రం ఏమి మేస్తుందో మాత్రం దానినుండి తెలుసుకోలేము. గీసినవాడు గడ్డి గీస్తే గడ్డి, మాంసం గీస్తే మాంసం.

ఆటలతో నాకు కలహం లేదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆ బొమ్మ గాలిలోకి ఎగిరిన తరువాత కూడా వెనుకకు మళ్లగలదు. న్యూటను ఒప్పుకోడు. అయినా దోషం లేదు, అది కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుందని మనం చెప్పుకోవడం లేదా? 2009లో ఫిన్లాండువారు విడుదల చేసిన యాంగ్రీ బర్డ్స్‌లో పక్షుల గమనాన్ని ఎరిన్ కాటో రూపొందించిన బాక్స్ టూడీ అనే గణనయంత్రాంగం లెక్కిస్తుంది. చక్కని పనే. కానీ గులేరుతో మామిడికాయ కొట్టిన పిల్లవానికి రబ్బరు బిగువు, రాయి బరువు, గాలివాటు చేతికి తెలుస్తాయి. జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పినవానికి తాడు ఎప్పుడు వదలాలో భుజానికి తెలుస్తుంది.

చిక్కంతా కవిసమయాన్ని శాస్త్రంగా బోధించే చోట వస్తున్నది. మీటరు దారానికి గుండు కట్టి కొద్దిగా లాగి వదిలితే ఒక డోలనానికి రమారమి 2 సెకండ్లు. పుస్తకంలోని సూత్రం చిన్న కోణాలకే చెల్లుతుంది. 60 డిగ్రీలు లాగితే కాలం సుమారు 7 శాతం పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాడు ఆ చిన్న సూత్రాన్నే లోపల పెట్టి ఊరుకుంటే తెర 60 డిగ్రీలకూ అదే 2 సెకండ్లు చూపుతుంది. పిల్లవాడు దానిని ప్రకృతి ఇచ్చిన సాక్ష్యమనుకొని రాసుకుంటాడు. మరొకటి. కంప్యూటరు చలనాన్ని క్షణశకలాలుగా తుంచి లెక్కిస్తుంది. ఆయిలరు పద్ధతిని సవరణ లేకుండా వాడితే అడుగడుగునా లేని శక్తి వచ్చి చేరి, లోలకం ఊగినకొద్దీ ఇంకా పైకి పోతుంది! నిపుణులు దీనిని సరిచేస్తారు. సరిచేసినారో లేదో తొమ్మిదో తరగతి పిల్ల ఎట్లా కనిపెట్టాలి? దారం కట్టి చూడడమొక్కటే ఉపాయం. ఆ దారాన్నే కదా బీరువాలో పెట్టి తాళం వేసినారు!

కొలరాడో విశ్వవిద్యాలయాన్ని చూపి నన్ను ఆక్షేపించేవారున్నారు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అక్కడ ఫెట్ అనే అనుకరణల సంస్థను ప్రారంభించినారు. 2005లో అక్కడి పరిశోధకులు ప్రకటించినదాని ప్రకారం, తెరమీద విద్యుత్ వలయాలు కట్టిన విద్యార్థులు అసలు తీగెలతో నేర్చినవారికంటె, తరువాత అసలు వలయం కట్టడంలోనే మెరుగైనారు. కాదనను. ఎలక్ట్రాను కంటికి కనబడదు, అదృశ్యాన్ని చూపడానికి బొమ్మ కావలసిందే. కానీ వారు కళాశాల విద్యార్థులు. చివరకు అసలు తీగెలు చేతికిచ్చే వారిని పరీక్షించినారు. మనవారు మొదటి సగం తెచ్చుకొని రెండవ సగాన్ని వదిలేసినారు. అమృత విశ్వవిద్యాపీఠం, సి-డాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ కూడా ప్రయోగశాలలు లేని బడుల పిల్లలకు అందాలన్న సదుద్దేశంతో పుట్టినదే. ఉన్న ప్రయోగశాలను మూయడానికి దానిని సాకు చేసుకోవడం ఏ న్యాయం?

తెర ముందు నలుబది మందికీ ఒకే అంకె వస్తుంది. ఎవరు చేసినారో, ఎవరు చూసి రాసినారో తేడా తెలియదు. దారంతో చేస్తే 20 డోలనాలకు ఒకరికి 39.6, ఒకరికి 40.3, ఇంకొకరికి 41. ఎందుకు వచ్చిందని కొట్లాడుకుంటారు. పొడవును ముడి వరకు కొలిచినావా, గుండు నడుమ వరకు కొలిచినావా? లెక్క ఒకటి నుండి మొదలుపెట్టినావా, సున్నా నుండా? ఆ కొట్లాటే పాఠం. తనకు వచ్చిన అంకెను, అది పుస్తకంతో కలవకపోయినా, ఉన్నదున్నట్లు రాసే ధైర్యం అక్కడ అలవడుతుంది.

గురుత్వ త్వరణానికి సాఫ్ట్‌వేర్లు తరచుగా 9.8 అనో, 9.81 అనో పెట్టుకుంటాయి. రెండవది యూరపు అక్షాంశాల విలువ. మన చొప్పదండిలో, 18న్నర డిగ్రీల అక్షాంశంలో, అది సుమారు 9.785. నూరు డోలనాలకు ఈ తేడా పావు సెకండు మాత్రమే, పట్టుకోవడం కష్టం. అయినా పదిమంది పిల్లలు వేపకొమ్మకు దారం కట్టి, పొడవు మిల్లీమీటరు వరకు కొలిచి, పదిమార్లు నూరేసి డోలనాలు లెక్కిస్తే దాని దరిదాపులకు పోవచ్చు. ఒక పూట పడుతుంది, కరెంటు అక్కరలేదు.