రైతు సభలలో చర్చ నడుపు తీరు



గ్రామములలో రైతు సభలకు ఇప్పుడు కొరత లేదు. పొలంబడి కావచ్చును, విత్తుటకు ముందు జరుపు సమావేశము కావచ్చును, పురుగు కనిపించినపుడు హడావిడిగా పిలిచెడి సభ కావచ్చును. అయితే సభ ముగిసి ఇంటికి పోవు రైతును "ఏమి తేలినది?" అని అడిగినచో చాలమంది జవాబు చెప్పలేకున్నారు. ఇందులో దోషము రైతుది మాత్రమే కాదు.

నా అనుభవము నొకదానిని చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ప్రత్తి పూత మీదనున్నపుడు ఒక గ్రామమున గులాబిరంగు పురుగును గూర్చి సభ పెట్టితిని. మొదలిడిన ఐదు నిమిషములకే ఒకరు పంటల బీమా సంగతి ఎత్తిరి. అది నిజమైన బాధయే. దాని వెనుక కాలువ పూడిక, ఆ వెనుక విత్తనముల ధర వచ్చినవి. నడుమ వెనుక వరుసనుండి ఒక రైతు మహిళ "సారూ, మా చేలో పూలు విచ్చుకోవడం లేదు, ముడుచుకుపోతున్నాయి" అన్నది. ఆ మాట ఎవరికిని పట్టలేదు. నేనును తల ఊపి, బీమాకు జవాబు చెప్పుటలో పడితిని. ఆమె చూచినవి గుడ్డిపూలు. పురుగు లోపల చేరి రేకులను అల్లివేయుటచే విచ్చుకొననివి. ఆనాటి సభకు కావలసిన మాట అదొక్కటే! కొన్ని వారములకు ఆ ఊరి చేలలో కాయలు కోసి చూడగా గింజ తినబడి, దూది రంగు మారియున్నది. పిల్లపురుగు కాయలో దూరిన పిదప రంధ్రము పూడిపోవును. పైకి కాయ పచ్చగానే యుండును, మందు లోపలికి చేరదు. అందుచేత ఈ పురుగు విషయములో జారిపోయిన వారమును తిరిగి సంపాదించుకొనలేము.

ఇతర విషయములు ఎత్తువారిని కూర్చుండబెట్టవలెనని కొందరు పెద్దలు నాతో అనిరి. నే నంగీకరింపను. నోరు మూయించిన రైతు వచ్చే సభకు రాడు, వచ్చినను మాటాడడు. ఆ విషయమునకు వేరొక చోటు చూపవలెను. ఇప్పుడు నేను సభకు ఒక నోటుపుస్తకము తీసికొనిపోవుచున్నాను. బీమా అన్నను, కాలువ అన్నను, అడిగినవారి ఎదుటనే తేదీతో వ్రాయించి, చివరి పావుగంట వాటికి విడిచెదను. నా శాఖకు చెందనివి పంచాయతీ కార్యదర్శి చూడవలెను. గ్రామాధికారులకు నా మనవి ఇదే: వ్రాసికొన్నదానికి మరుసటి సభలో "పని కాలేదు" అనియైనను జవాబు చెప్పుడు. జవాబు రానిచో పుస్తకమును ఎవరు నమ్ముదురు?

ఇది క్రొత్త సంగతి కాదు. 1956లో పూనా ప్రాంతమున సుమారు 150 గ్రామములలో రేడియో శ్రవణ మండలులను ఏర్పరచిరి. ఒక్కొక్క మండలిలో సుమారు 20 మంది సభ్యులు. వారు ప్రసారమును విని, దానిపైననే చర్చించెడివారు. తేలని ప్రశ్నలను కన్వీనరు రేడియో కేంద్రమునకు వ్రాసి పంపెడివాడు. మన సభలలో అధ్యక్షుడుండును, దండలుండును, కన్వీనరు మాత్రము కనబడడు.

మా అధికారుల తప్పు కూడ చెప్పవలెను. గంటసేపు మేమే ఉపన్యసించి, చివరకు "సందేహములున్నవా?" అందుము. అప్పటికి పాలు పితుకు వేళ యగును. దీనికంటె ముందుగా చేలోనికి పోవుట మేలు. పొలంబడిలో ఐదారుగురు చొప్పున జట్లుగా విడిపోయి, చేలో చూచినదానిని లెక్కవేసి, బొమ్మ గీసి తక్కినవారికి చెప్పుదురు. లెక్క చేతిలో ఉన్నపుడు మాట అంత సులభముగా ప్రక్కకు పోదు. కలుపు తీసి, ప్రత్తి ఏరు స్త్రీలు పూలను మనకంటె దగ్గరగా చూతురు గనుక వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, మొదట వారినే అడుగవలెను.

ప్రత్తి రైతులు ఈసారి సభకు వచ్చునపుడు చేలో అక్కడక్కడ 20 పచ్చి కాయలు కోసి తెండు. వాటిలో రెండింట పురుగున్నను, లేక లింగాకర్షక బుట్టలో ఒక్కొక్క రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినను, మందు సంగతి ఆనాడే తేల్చవలసియుండును. కాయలు కోయుటకు కత్తి నేను తెచ్చెదను.