తాళంచెవిని గుమ్మానికే వేలాడదీస్తామా?

మీ పాఠశాల పరీక్ష మార్కులను చూపే వెబ్‌సైటును మీరే తయారుచేశారనుకోండి. ఈ పనిలో రెండు భాగాలున్నాయి. పేజీని తయారుచేసి చూపడం ఒకటి. మార్కులను భద్రంగా దాచడం మరొకటి. మొదటి పనికి జాంగో వంటి ఫ్రేమ్‌వర్కులున్నాయి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టిన జాంగో 2005లో అందరికీ ఉచితంగా అందింది. రెండో పనికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి రిలేషనల్ డేటాబేసులున్నాయి. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే ఈ పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఇ.ఎఫ్. కాడ్ వివరించాడు.

ఈ రెండింటినీ కలపడం ఎలా? జాంగోలోని సెట్టింగ్స్ ఫైలులో కొన్ని వివరాలు ఇవ్వాలి: డేటాబేసు రకం, దాని పేరు, వాడేవారి పేరు, పాస్‌వర్డు, అది ఉన్న యంత్రం చిరునామా, పోర్టు సంఖ్య. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు ఈ సంఖ్య మామూలుగా 5432. డేటాబేసు మీ కంప్యూటరులోనే ఉంటే చిరునామా "లోకల్‌హోస్ట్". దానిని క్లౌడుకు మార్చారనుకోండి. అంటే, ఎక్కడో ఒక సంస్థ నడిపే యంత్రాలలో చోటు అద్దెకు తీసుకున్నారన్నమాట. అప్పుడు ముఖ్యంగా మారేవి ఈ వివరాలే. మిగిలిన ప్రోగ్రాము దాదాపు అలాగే ఉంటుంది.

ఎంత సులువో చూశారా! చిక్కంతా ఈ సులువులోనే ఉంది. డేటాబేసు మీ కంప్యూటరుకే పరిమితమైనప్పుడు, పాస్‌వర్డు ఒక్కటే తెలిసిన బయటివాడు సాధారణంగా లోపలికి రాలేడు. క్లౌడులోని డేటాబేసు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే, ప్రపంచంలో ఏ మూలనుంచైనా తలుపు తట్టవచ్చు. అప్పుడు పాస్‌వర్డును ప్రోగ్రాములోనే రాసి పదిమందికీ పంచడం దొంగచేతికి తాళాలిచ్చినట్లే కదా!

అయినా చాలా పాఠాలలో మొదటి ఉదాహరణలోనే పాస్‌వర్డును ప్రోగ్రాములో రాసి చూపుతారు. "కొత్తవారికి జాగ్రత్తలన్నీ ఒకేసారి చెబితే బెదిరిపోతారు, తర్వాత చెప్పవచ్చు" అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ బలపం పట్టడం మొదటిరోజు తప్పుగా నేర్చుకుంటే, ఆ అలవాటును మాన్పించడం ఎంత కష్టమో మీకు తెలుసు. పైగా ప్రోగ్రాములను భద్రపరిచే గిట్ అనే సాధనం, దానికి అప్పగించిన ప్రతి మార్పునూ గుర్తుంచుకుంటుంది. పాస్‌వర్డును ఇవాళ చెరిపేసినా నిన్నటి ప్రతిలో అది పదిలంగా ఉంటుంది. అలా బయటపడిన పాస్‌వర్డును వెంటనే మార్చుకోక తప్పదు.

కాబట్టి తాళంచెవిని ప్రోగ్రాముకు బయట ఉంచడం మొదటి పాఠంలోనే నేర్పాలని నా అభిప్రాయం. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. పాస్‌వర్డును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే ప్రోగ్రాము నడిచే యంత్రానికి విడిగా చెప్పిన విలువగా ఉంచి, అక్కడినుంచి చదవమంటే చాలు. ఇందుకు ఒక్క పంక్తి సరిపోతుంది.

దానితోపాటు మరికొన్ని జాగ్రత్తలు. వెబ్‌సైటు నడిచే యంత్రం తప్ప ఇతరులెవరూ డేటాబేసును చేరకుండా కట్టడి చేయాలి. మార్కులు చూపే ప్రోగ్రాముకు ఆ పట్టికను చదివే హక్కు మాత్రమే ఇవ్వాలి, దిద్దే హక్కు వద్దు. దారిలో ఎవరూ చదవకుండా సమాచారం రహస్యలిపిలోనే ప్రయాణించాలి. అవతలున్నది నిజంగా మన డేటాబేసేనా అని ధ్రువపత్రంతో సరిచూడాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇందుకు "వెరిఫై ఫుల్" అనే అమరిక ఉంది. మనం అడగకపోతే ఈ తనిఖీ జరగదు.

ఆ పట్టికలో ఉన్నవి మీ ఒక్కరి మార్కులు కావు. మీ తోటివారు మిమ్మల్ని నమ్మి అప్పగించిన వివరాలు. వాటిని ఎవరో తెలియనివాడు చూసినా, మార్చినా నష్టపోయేది వారే. ప్రోగ్రాము పనిచేస్తే చాలదు; దానిని నమ్మినవారికి హాని జరగకూడదు. ఈసారి మీరు డేటాబేసును కలిపేటప్పుడు, మొదట తాళంచెవి ఎక్కడ ఉందో చూసుకోండి.