శవం మీద పేలాలా?

మొన్న ఆదివారం హాల్లో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నాను. మా పెద్దాడు ఫోన్లో మైకేల్ జాక్సన్ పాట పెట్టుకుని "అమ్మా, ఈయన పేరెప్పుడైనా విన్నావా?" అన్నాడు. వాడి మొహం! వాడు పుట్టకముందు నుంచీ నేను ఆయన అభిమానిని. ఆ మాటే చెప్పబోతుంటే మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "ఆయన పోయాక వాళ్ళమ్మ ఆ షోల కంపెనీ మీద కేసు వేసి కోట్లకి కోట్లు అడిగింది. శవం మీద పేలాలు ఏరుకోవడమంటే అదే" అన్నారు.

ఆదివారం పూట గొడవెందుకని నోరు మూసుకున్నాను. అప్పుడు అనలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను.

మా తరానికి మైకేల్ జాక్సన్ కంటే ముందు తెలిసింది చిరంజీవి. 'దొంగ' సినిమాలో దెయ్యాల మధ్య ఆయన వేసిన స్టెప్పులకి మూలం అమెరికాలో ఉందని తొమ్మిదో తరగతిలో మా అన్నయ్య చెబితే తెలిసింది. 'డేంజరస్' క్యాసెట్ తెచ్చిందీ వాడే. పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తర్వాత బి.ఏ. తెలుగులో మనుచరిత్ర పద్యాలు కొరుకుడు పడ్డాయి గానీ ఆ ఇంగ్లీషు మాత్రం పడలేదు. అయినా ఆ గొంతు వింటే ఒళ్ళు ఊరుకునేది కాదు. ఆయన మీద వచ్చిన ఆరోపణలన్నీ నాకూ తెలుసు. అది వేరే సంగతి, దాన్ని ఇక్కడ కలపను.

2009 మార్చిలో ఆయన లండన్‌లో షోలు చేస్తానని ప్రకటించారు. ముందు 10 అన్నారు, టిక్కెట్లు ఎగబడి కొంటుంటే 50 చేశారు. అప్పటికి ఆయన వయసు 50. షోలు నడిపేది ఏఈజీ లైవ్ అనే కంపెనీ. ఆయనకి తోడుగా కాన్రాడ్ ముర్రే అనే గుండె డాక్టరుని నెలకి 1,50,000 డాలర్లకి మాట్లాడారు. ఆ డాక్టరు నిద్ర పట్టడానికని, ఆపరేషన్ థియేటర్లో మత్తుకి వాడే ప్రొపొఫాల్‌ని ఇంట్లో, పడగ్గదిలో, దాదాపు రెండు నెలలపాటు రోజూ రాత్రి ఎక్కించాడు. జూన్ 25న మనిషి పోయాడు. ముగ్గురు పిల్లలు, 12, 11, 7 ఏళ్ళవాళ్ళు, నానమ్మ ఒళ్ళోకి వచ్చారు. డాక్టరుకి 2011లో నాలుగేళ్ళ శిక్ష పడింది. రెండేళ్ళయినా నిండకుండానే బయటికొచ్చేశాడు.

కేసు వివరాల్లో నన్ను వదలని సంగతి ఒకటుంది. చనిపోవడానికి వారం ముందు ఒక రాత్రి రిహార్సల్‌కి ఆయన వణుకుతూ వచ్చారట. షో డైరెక్టరు కెన్నీ ఒర్టెగా ఆయనకి దుప్పటి కప్పి, దగ్గరుండి తినిపించి, ఇంటికి పంపేశాడు. ఈయన బాగాలేడు, ఎవరైనా చూడండి అని కంపెనీ పెద్దకి మెయిల్ రాశాడు. మర్నాడు మీటింగ్ పెట్టారు. ఆ మీటింగ్‌లో డాక్టరు ఈ డైరెక్టరునే కసురుకున్నాడు, డాక్టరు పని నాకొదిలెయ్యమని. రిహార్సళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లో పిల్లాడు జ్వరంతో వణుకుతుంటే పరీక్ష ఉన్నా సరే స్కూలు మాన్పించేస్తామా లేదా?

ఆ తల్లి కేథరీన్, మనవలతో కలిసి, 2010లో కేసు వేసింది. 2013 ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబరు దాకా విచారణ నడిచింది. అప్పటికి ఆవిడకి 83 ఏళ్ళు. 16 ఏళ్ళ మనవడు కూడా సాక్ష్యం చెప్పాడు, కంపెనీ వాళ్ళతో ఫోన్ మాట్లాడాక నాన్న ఏడ్చేవాడని.

డబ్బు కోసమే అన్న మాట నాకు కొత్త కాదు. మా మేనత్త భర్త పనిచేసే చోటే ప్రమాదంలో పోయాడు. పాతికేళ్ళ కిందటి సంగతి. అత్త నష్టపరిహారానికి కేసు వేస్తే, దినాలకి వచ్చి భోంచేసి వెళ్ళిన చుట్టాలే "ఎంతకి తేలిందట?" అని గుసగుసలాడుకున్నారు. ఒకసారి నేనే అడిగాను, "ఎందుకత్తా ఇదంతా, మావయ్య తిరిగొస్తాడా?" అని. అత్త బియ్యంలో రాళ్ళేరుతూ "ఆ మిషను పాడైందని వాళ్ళకి ముందే తెలుసే. తెలుసని వాళ్ళ నోటితో అనిపించాలి. పిలిస్తే రారు, కోర్టు పిలిస్తే వస్తారు. డబ్బు అడక్కపోతే కోర్టు పిలవదు" అంది. కేథరీన్ కూడా కోర్టులో చెప్పింది అదే, నా కొడుక్కి ఏం జరిగిందో నాకు తెలియాలని. ఐదు నెలల పాటు ఆ కంపెనీ పెద్దలు వరసగా వచ్చి, ప్రమాణం చేసి, తమ మెయిళ్ళకి తామే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. డాక్టరుకి జీతమిచ్చేది మైకేల్ కాదు మనం, ఆ సంగతి అతనికి గుర్తుచేయాలి అన్న అర్థం వచ్చే మెయిల్ బయటపడింది అలాగే. కేసే వేయకపోతే అది ఎవరి కంప్యూటర్లోనో ఉండిపోయేది.

చివరికి ఓడిపోయింది. 12 మంది జ్యూరీకి ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. డాక్టరుని పెట్టుకున్నది కంపెనీయేనా? అవును అన్నారు. పెట్టుకున్న పనికి ఆ డాక్టరు పనికిరానివాడా, చేతకానివాడా? కాదు అన్నారు. అంతే, మిగతా ప్రశ్నల దాకా వెళ్ళనే లేదు. అతను ధర్మంగా నడుచుకున్నాడని మా ఉద్దేశం కాదని జ్యూరీ పెద్ద బయటికొచ్చి చెప్పాడు. మరి ప్రశ్నలో ఆ మాట లేదు కదా.

మనం పిల్లల్ని స్కూలుకి పంపడానికి ఆటో మాట్లాడుకుంటాం. డ్రైవరుకి ఆటో నడపడం వచ్చా అంటే వచ్చు, లైసెన్సుంది. మరి నెల తిరిగేసరికి పొద్దున్నే తాగి వస్తున్నాడని తెలిసింది. అప్పుడు కూడా "మేం పెట్టుకున్న రోజు బాగానే ఉన్నాడండీ" అని ఊరుకుంటే ఏ తల్లయినా ఒప్పుకుంటుందా? జ్యూరీని నేను తిట్టను, అడిగినదానికి జవాబు చెప్పారు. 2015లో అప్పీలు కోర్టు కూడా కంపెనీ వైపే నిలిచింది. నాకు మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గర ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

కంపెనీ చెప్పుకున్నదాంట్లోనూ నిజముంది. ఆ డాక్టరే కావాలన్నది మైకేలే. ఆ మందు కావాలన్నదీ ఆయనే. దాచిందీ ఆయనే. పసివాడేం కాదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ అప్పుల్లో ఉన్న డాక్టరుకి నెలకి అంత డబ్బు ఆశ చూపిస్తే, షో ఆపండి అని అతని నోట వస్తుందా? అసలు ఆ జీతం షోలు జరిగితేనే కదా.

ఇంకో సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. పది షోలు యాభై ఎందుకయ్యాయి? మాలాంటివాళ్ళు కొన్నారు కాబట్టి. నేను లండన్ వెళ్ళేదాన్ని కాదనుకోండి, టిక్కెట్ డబ్బులుంటే మాత్రం కొనేదాన్నే. ఆ రిహార్సళ్ళనే కలిపి 2009 అక్టోబరులో 'దిసీజ్ ఇట్' అని సినిమాగా వదిలారు. మూడుసార్లు చూశాను. ఎంత సన్నగా ఉన్నాడో, ఈ వయసులో కూడా ఎలా కదులుతున్నాడో అని మురిసిపోయాను. కేసు సంగతులన్నీ చదివాక మొన్న రాత్రి, అందరూ పడుకున్నాక, మళ్ళీ పెట్టాను. ఈసారి పాట వినిపించలేదు. చేతులు వణుకుతున్నాయేమోనని వాటినే చూస్తూ కూర్చున్నాను. సగంలో ఆపేశాను.

పొద్దున్న మావారు "రాత్రి ఏమిటి, అంతసేపు టీవీ?" అన్నారు. బీరకాయ పచ్చడి ముందుపెట్టి, అత్త కేసు సంగతి చెప్పాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకి అది తెలియదు. ఆయన ఇంకో ముద్ద కలుపుకుంటూ "మరి గెలిచిందా?" అని అడిగారు. గెలవలేదన్నాను.